సంతకం కంటే ముందు రాయి: విదేశీ మైనింగ్ విశ్వవిద్యాలయాలతో సీమ కాలేజీలు కలిసి పనిచేయాలంటే

విదేశీ విశ్వవిద్యాలయంతో ఎంఓయూ (అవగాహన ఒప్పందం) అనగానే మన దగ్గర శాలువా, బొకే, గ్రూప్ ఫొటో సిద్ధమవుతాయి. ఆ తర్వాత కాగితం బీరువాలోకి పోతుంది. కాలేజీలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ బృందం వచ్చినప్పుడు ఒకసారి దుమ్ము దులుపుతారు, ఐదేళ్లకు గడువు తీరిపోతుంది. ఏ గనిలో, ఏ రాయి మీద, ఏ ప్రశ్నకు, ఎవరెవరు పనిచేస్తారో తేలకముందే సంతకాలు అయిపోవడమే దీనికి కారణం. కడప, అనంతపురం, కర్నూలు వైపు విద్యాసంస్థలు ఈ వరుసను తిరగేసి చేయాల్సిన పద్ధతి ఇది. మైనింగ్ బ్రాంచి లేకపోయినా ఫర్వాలేదు. జియాలజీ, మెటలర్జీ, కెమికల్, సివిల్‌లో ఏ ఒక్క విభాగం ఉన్నా మొదలుపెట్టవచ్చు.

మన చేతిలో ఏముంది

బయటి ప్రొఫెసర్‌కు మనతో పనేమిటి? ల్యాబులు వాళ్లవే మెరుగు, నిధులూ వాళ్లవే ఎక్కువ. మన దగ్గర ఉన్నది వాళ్లకు దొరకని రాయి, దాన్ని తవ్వుతున్న గని, పొద్దున వెళ్లి సాయంత్రానికి నమూనాతో తిరిగి రాగల విద్యార్థులు. కాబట్టి ముందుగా ఈ పట్టిక రాసుకోండి.

మంగంపేట ముగ్గురాయి ప్రపంచంలోని పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి. తవ్వేది రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ ఏపీఎండీసీ. చమురు బావుల డ్రిల్లింగ్‌కు పోయే రాయికి సాపేక్ష సాంద్రత (నీటికంటే ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె) 4.20 ఉండాలి, లేదా తక్కువ గ్రేడు కింద 4.10 అయినా ఉండాలి. అంతకు దిగువ రకాన్ని శుద్ధి చేసి ఆ మెట్టు ఎక్కించడం మంచి పరిశోధనాంశం. తుమ్మలపల్లె యురేనియం డోలమైటు సున్నపురాయిలో ఉంది. ఆమ్లం పోస్తే సున్నమే దాన్ని తాగేస్తుంది కాబట్టి అక్కడ పీడనంలో క్షారంతో కరిగిస్తారు. ఇలాంటి ప్లాంట్లు ప్రపంచంలో తక్కువ. బేతంచెర్ల, తాడిపత్రి నాపరాయి కోత యూనిట్ల బురద, యర్రగుంట్ల, జమ్మలమడుగు సున్నపురాయి క్వారీల పేలుళ్ల ప్రకంపనలు, రామగిరి మూతబడిన బంగారు గనుల పాత వ్యర్థాలు, వజ్రకరూరు కింబర్లైట్లు (వజ్రాలు ఉండే శిలలు), జొన్నగిరి బంగారం ఇవన్నీ ఒక్కోటి ఒక్కో విభాగానికి పనికొస్తాయి. (జొన్నగిరి పేరు ఎత్తగానే తొలకరికి చేలల్లో జరిగే వజ్రాల వేట గురించి అడగని విదేశీ జియాలజిస్టు ఉండడు. ఆ కుతూహలం మనకు మంచిదే. ఉత్తరానికి జవాబు తెస్తుంది.)

పట్టిక అయ్యాక ఒకే ప్రశ్న ఎంచుకోండి. ‘సుస్థిర మైనింగ్’ ప్రశ్న కాదు. ‘ఈ బెంచి (గనిలో మెట్టులా తవ్వే అంచె) తక్కువ గ్రేడు ముగ్గురాయిని 75 మైక్రాన్లకు నూరి ఫ్లొటేషన్ (నురగతో తేల్చి వేరుచేయడం) చేస్తే 4.10కి చేరుతుందా, సిలికా ఎంత పోతుంది’ అనేది ప్రశ్న. ఒక పేజీ దాటితే అది ఇంకా తేలలేదని అర్థం.

ఎవరిని అడగాలి

ర్యాంకు కాదు, ల్యాబు చూడండి. మీ ప్రశ్న రాయి నూరడం, పగలగొట్టడం గురించైతే ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయపు జేకే మినరల్ రీసెర్చ్ సెంటర్. బంగారం, గట్టిరాతి గనులైతే 1902లో మొదలై ఇప్పుడు కర్టిన్ విశ్వవిద్యాలయంలో ఉన్న, కాల్గూర్లీలోని వెస్టర్న్ ఆస్ట్రేలియా స్కూల్ ఆఫ్ మైన్స్. జర్మనీలో 1765 నాటి ఫ్రైబెర్గ్, ఆస్ట్రియాలో 1840 నాటి లియోబెన్, ఇంగ్లండులో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కింద ఉన్న కాంబోర్న్, అమెరికాలో 1874 నాటి కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్ తెలిసిన పేర్లే. విశ్వవిద్యాలయానికి కాదు, అక్కడ మీ ప్రశ్న మీద గత మూడేళ్లలో పేపరు రాసిన మనిషికి రాయండి. ఇంటర్నేషనల్ ఆఫీసుకు రాస్తే తియ్యటి జవాబు వస్తుంది, పని రాదు.

ఈమెయిల్ 200 పదాలు దాటకూడదు. ఒక గని ఫొటో, ఒక రసాయన విశ్లేషణ పట్టిక, మీ ప్రశ్న, మీరు కోరేది ఒక్కటే: ‘మా ఎంటెక్ విద్యార్థికి ఆరు నెలలు సహ మార్గదర్శిగా ఉంటారా?’ డబ్బు అడగొద్దు, ఎంఓయూ మాట ఎత్తొద్దు, కాలేజీ బ్రోచర్ జత చేయొద్దు. డిసెంబరు మధ్య నుంచి జనవరి చివరి దాకా ఆస్ట్రేలియా వాళ్లు, ఆగస్టులో యూరప్ వాళ్లు సెలవుల్లో ఉంటారు. మూడు వారాలకు ఒక్కసారి గుర్తు చేసి, జవాబు లేకపోతే తర్వాతి పేరుకు వెళ్లండి.

దేశంలోనే వంతెన వేసుకోవడం ఒక్కోసారి సులువు. 2025 జనవరిలో ఆమోదించిన జాతీయ కీలక ఖనిజాల మిషన్ కింద గుర్తించిన ఎక్సలెన్స్ సెంటర్లలో ఐఐటీ హైదరాబాద్, హైదరాబాద్‌లోనే ఉన్న ఎన్‌ఎఫ్‌టీడీసీ (ఇనుమేతర లోహాల సాంకేతిక కేంద్రం), ధన్‌బాద్ ఐఐటీ ఉన్నాయి. వాటి చుట్టూ అనుబంధ సంస్థలుగా చేరే ఏర్పాటు ఉంది కాబట్టి, వాళ్లకున్న విదేశీ సంబంధాల్లోకి పక్క దారిన వెళ్లవచ్చు.

ఆరు నెలల పని ఒప్పుకున్నాక రెండు వారాలకొక వీడియో కాల్ పెట్టుకోండి. పెర్త్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది, వాళ్ల మధ్యాహ్నం మనకు వీలే. ఫ్రైబెర్గ్ చలికాలంలో నాలుగున్నర, వేసవిలో మూడున్నర గంటలు వెనక. కొలరాడోతో చలికాలంలో తేడా పన్నెండున్నర గంటలు. ఎవరో ఒకరు నిద్ర చెడగొట్టుకోవాలి, వంతులు వేసుకుంటే గొడవ ఉండదు.

గని వాళ్ల దగ్గర ముందే తేల్చుకోవాల్సినవి

విదేశీ భాగస్వామి దొరికాక గని యాజమాన్యం దగ్గరికి వెళ్లడం చాలామంది చేసే పని. అది తలకిందులు. ముందు గని, తర్వాతే ఈమెయిల్. గని వాళ్లకు ఇచ్చే ఉత్తరంలో ఎన్ని కిలోలు, ఏ బెంచి నుంచి, ఏ పరీక్షలకు, రాయి దేశం దాటుతుందా, ఫలితాలు ప్రచురిస్తారా అన్నవి విడివిడిగా ఉండాలి. దేశం దాటే సంగతి దాచి నమూనా తెచ్చుకుంటే, పేపరు వచ్చిన రోజున ఆ గని తలుపు మీకే కాదు, మీ తర్వాత వచ్చేవాళ్లకూ మూసుకుంటుంది.

ప్రచురణకు ముందు గని వాళ్లు రాతప్రతి చూసుకోవడానికి 45 రోజులు ఇవ్వండి. నిల్వల అంకెలు, ఖర్చులు తీసేయమనే హక్కు ఇవ్వండి. పేపరునే ఆపే హక్కు మాత్రం ఇవ్వకండి, విద్యార్థి థీసిస్ ఇరుక్కుపోతుంది.

తుమ్మలపల్లె వేరే లెక్క. యురేనియం అణుశక్తి చట్టం 1962 పరిధిలోది. ఖనిజం ముక్క బయటికి పంపాలన్నా, గని వివరాలు విదేశీయులతో పంచుకోవాలన్నా అణుశక్తి విభాగం అనుమతి ఉండాలి. మొదటి ప్రాజెక్టుగా దీన్ని ఎంచుకోవద్దు. మోహం ఆపుకోలేకపోతే యురేనియం లేని డోలమైటు మీద శిలాశాస్త్ర పనితో సరిపెట్టుకోండి.

నమూనా: ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే

పరీక్షను బట్టి బరువు. రాయి నూరడానికి ఎంత శక్తి పడుతుందో చెప్పే బాండ్ బాల్ మిల్ సూచికకు 3.35 మిల్లీమీటర్ల లోపు చూర 10 కిలోలు కావాలి. రాయి పగిలే తీరును కొలిచే పరీక్షల్లో ఎస్‌ఎంసీ పరీక్షకు 20 కిలోల దాకా, పూర్తి డ్రాప్ వెయిట్ పరీక్షకు 75 నుంచి 100 కిలోల గడ్డలు. ల్యాబు స్థాయి ఫ్లొటేషన్‌లో ఒక్కో పరీక్షకు కిలో చొప్పున లెక్కేసుకోవాలి. మొత్తానికి సగం అదనంగా తీసి, ఆ అదనాన్ని మీ దగ్గరే ఉంచండి. పార్సిల్ పోయినా, ఫలితం మీద అనుమానం వచ్చినా అదే దిక్కు.

విద్యార్థులు మెరిసే గడ్డలు ఏరుకొస్తారు. అది నమూనా కాదు, మ్యూజియం సరుకు. బెంచి ముఖం మీద అడ్డంగా గాడి తీసి, అందులో వచ్చినదంతా తీసుకోవాలి. కుప్ప నుంచైతే పైపొర వదిలేయాలి, వానకు సన్నటి పొడి కిందికి జారి గడ్డలే పైన మిగిలి ఉంటాయి. శంకువులా పోసి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసుకునే పద్ధతి, లేదా నమూనాను సమానంగా రెండుగా పంచే రిఫుల్ స్ప్లిటర్ వాడి తగ్గించుకుంటూ రావాలి.

ముగ్గురాయి బరువు మోసం చేస్తుంది. 20 లీటర్ల బకెట్‌లో సున్నపురాయి ముక్కలు 30 కిలోలు పడితే, అదే బకెట్‌లో ముగ్గురాయి 50 కిలోలకు చేరుతుంది. పిడి ఊడుతుంది, కొరియర్ వాడు తీసుకోడు. 10 లీటర్ల డబ్బాల్లో 25 కిలోలు మించకుండా నింపండి. చెక్కపెట్టె వాడితే వేడి చికిత్స చేసిన గుర్తు, అంటే ఐఎస్‌పీఎం 15 ముద్ర, దాని మీద ఉండాలి. లేకపోతే అవతలి రేవులో ఆపేస్తారు. ప్లాస్టిక్ డబ్బాలకు ఈ బాధ లేదు.

రాయికి మట్టి అంటుకుని ఉండకూడదు. ఆస్ట్రేలియా, అమెరికా రెండూ మట్టిని పర్మిట్ లేకుండా రానివ్వవు. కడిగి, 105 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో ఆరబెట్టి, వేరు ముక్క, గడ్డిపరక లేవని చూసి సీలు వేయండి. ఇన్‌వాయిస్ మీద విలువ సున్నా అని రాస్తే కస్టమ్స్ వాళ్లకు అనుమానం. నామమాత్రంగా కొన్ని డాలర్లు వేసి, ‘పరిశోధన నమూనా, అమ్మకానికి కాదు’ అని రాయండి. సహజ బెరైటీస్‌కు కస్టమ్స్ శీర్షిక 2511. గని నుంచి కాలేజీకి తెచ్చేటప్పుడు కూడా బండిలో మేనేజర్ సంతకం ఉన్న ఉత్తరం ఉండాలి. ఖనిజం ఉన్న బండిని దారిలో ఎవరైనా ఆపి అడగవచ్చు.

పులివెందుల, బ్రాహ్మణపల్లె వైపు రాళ్లలో రాతినార ఉంటుంది. అది క్రైసోటైల్ ఆస్బెస్టాస్. ఆస్ట్రేలియా 2003 డిసెంబరు 31 నుంచి ఆస్బెస్టాస్‌ను నిషేధించింది, ప్రత్యేక అనుమతి లేని నమూనా రేవులోనే ఆగిపోతుంది, పంపినవాళ్ల మీద కేసూ పడవచ్చు. ఆ చుట్టుపక్కల తీసిన ఏ రాయినైనా ముందు ఎక్స్‌రే డిఫ్రాక్షన్, మైక్రోస్కోపు కింద చూశాకే పంపండి. నార కనబడితే పరీక్షలు ఇక్కడే చేసి అంకెలు పంపండి. పగలగొట్టేటప్పుడు తడిపి, సరైన మాస్కుతో చేయాలని వేరే చెప్పక్కర్లేదు.

అంకెల్లోనూ గొడవ వస్తుంది. మన ల్యాబుల్లో జల్లెడలు బ్రిటిష్ ప్రమాణపు బీఎస్ఎస్ మెష్ (అంగుళానికి ఎన్ని రంధ్రాలో చెప్పే అంకె), వాళ్లవి అమెరికా ప్రమాణపు ఏఎస్‌టీఎం. 200 మెష్ దగ్గర రెండూ 75 మైక్రాన్లే కాబట్టి అన్నీ ఒకటేననుకుంటారు. 10 మెష్ దగ్గర మనది 1.68 మిల్లీమీటర్లు, వాళ్లది 2.0. మెష్ అనే మాటే వదిలేసి మైక్రాన్లలో రాయండి. ఇంకొకటి: ఎక్స్‌రేలతో మూలకాలను కొలిచే ఎక్స్‌ఆర్‌ఎఫ్‌లో బేరియం, టైటానియం రేఖలు దాదాపు ఒకేచోట పడతాయి. ముగ్గురాయిని మామూలు క్రమాంకనంతో కొలిస్తే లేని టైటానియం కనబడుతుంది. దాన్ని కొత్త ఆవిష్కరణ అనుకుని వాళ్లకు ఉత్తరం రాసేముందు ఆగండి. మొదటి నెలలోనే బాగా కలిపిన ఒకే పొడిని రెండు ల్యాబుల్లోనూ కొలిచి, తేడా ఎంతో తెలుసుకుంటే తర్వాతి వాదనలు తప్పుతాయి. సాంద్రతను లె షాటెలియే ఫ్లాస్కులో కిరోసిన్‌తో కొలిచే పద్ధతి ఇక్కడైనా అక్కడైనా ఒకటే.

పాత వ్యర్థాల కుప్పల్లోని సూక్ష్మజీవులతో లోహం తీసే ఆలోచన ఉంటే, ఆ బురద రాయి కింద లెక్కకు రాదు. జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం విదేశీ సంస్థకు సూక్ష్మజీవులు అందాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. ప్రభుత్వ మార్గదర్శకాలకు లోబడి ఆమోదం పొందిన ఉమ్మడి పరిశోధనలకు మినహాయింపు ఉంది. దాన్ని ప్రాజెక్టు రాసేటప్పుడే తెచ్చుకోవాలి, మధ్యలో కాదు.

డ్రోన్, మ్యాపు

క్వారీని డ్రోన్‌తో కొలిస్తే వచ్చే మోడల్ సెంటీమీటర్ల కచ్చితత్వంతో ఉంటుంది. 2021 ఫిబ్రవరి జియోస్పేషియల్ మార్గదర్శకాల ప్రకారం అడ్డంగా 1 మీటరు, నిలువుగా 3 మీటర్ల కంటే సూక్ష్మమైన డేటాను భారతీయ సంస్థలే తయారుచేయాలి, ఇక్కడే నిల్వ చేయాలి, ఇక్కడే ప్రాసెస్ చేయాలి. కాబట్టి పచ్చి ఫైళ్లను వాళ్ల క్లౌడ్‌లో పెట్టడం కుదరదు. లెక్కలు మీ సర్వరులో చేసి, గ్రాఫులు, ఘనపరిమాణాలు పంపండి. అతిథి తన సూట్‌కేసులో డ్రోన్ తెస్తానంటే వద్దనండి, 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషిద్ధం. పరిశోధనకు మినహాయింపు ఉన్నా దానికి ముందస్తు అనుమతి కావాలి.

కాగితాలు

ఆరు నెలల పని చేతిలోకి వచ్చాక ఎంఓయూ రాయండి. రెండు పొరలుగా ఉండాలి. పైది మూడేళ్ల సాధారణ ఒప్పందం, డబ్బు బాధ్యత ఏదీ ఉండదు, ఎవరి చట్టం వర్తిస్తుందన్న పేచీ పెట్టుకోకుండా వివాదాన్ని రెండువైపుల అధిపతులు మాట్లాడుకుని తేల్చుకోవాలని రాస్తే చాలు. కిందిది ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో ఒప్పందం. మిగిలిన నమూనా ఎవరిది, డేటా ఎక్కడ ఉంటుంది, పేపరులో పేర్ల వరుస, పేటెంటు వాటా అన్నీ ఇందులోకి రావాలి. పేటెంటులో ఒక ముడి ఉంది. ఇక్కడ నివసించే ఆవిష్కర్త పేరు ఉంటే, ముందు భారత్‌లో దరఖాస్తు చేసి ఆరు వారాలు ఆగాలి, లేదా విదేశీ దాఖలుకు అనుమతి తీసుకోవాలి. అవతలి వాళ్ల టెక్నాలజీ ఆఫీసు తొందరలో నేరుగా వాళ్ల దేశంలో దాఖలు చేస్తే మీ ప్రొఫెసర్ చిక్కుల్లో పడతాడు.

ఉమ్మడి డిగ్రీ దాకా వెళ్లాలంటే యూజీసీ 2022 నిబంధనలు చూడాలి. న్యాక్ స్కోరు కనీసం 3.01 ఉన్నా, కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో విశ్వవిద్యాలయాల్లో మొదటి 100లో ఉన్నా, ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్ అయినా, టైమ్స్ లేదా క్యూఎస్ ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 1000లోని విదేశీ సంస్థతో యూజీసీ అనుమతి లేకుండానే కలవవచ్చు. మిగతావాళ్లు అనుమతి అడగాలి. చూసేది మొత్తం ర్యాంకు. సబ్జెక్టులో ఎంత పేరున్నా చిన్న మైనింగ్ విశ్వవిద్యాలయం ఆ జాబితాలో లేకపోవచ్చు, ముందే చూసుకోండి. ట్విన్నింగ్‌లో విదేశంలో చదివే క్రెడిట్లు 30 శాతం దాటకూడదు. జాయింట్ డిగ్రీలో రెండు చోట్లా కనీసం 30 శాతం చొప్పున ఉండాలి. ఆన్‌లైన్, దూరవిద్య పద్ధతులకు ఈ నిబంధనలు వర్తించవు. అనుబంధ కాలేజీలు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: డిగ్రీ ఇచ్చేది విశ్వవిద్యాలయం కాబట్టి ప్రిన్సిపాల్ సంతకంతో జాయింట్ డిగ్రీ రాదు. అనంతపురం జేఎన్టీయూ కింది కాలేజీ అయితే దారి అటునుంచే.

మైనింగ్ డిగ్రీకి ఇంకో మెలిక ఉంది. గని మేనేజర్ సర్టిఫికెట్ పరీక్షకు డీజీఎంఎస్ (గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ) గుర్తించిన అర్హత ఉండాలి. కొత్త ఉమ్మడి డిగ్రీకి ఆ గుర్తింపు ఉందో లేదో రాతపూర్వకంగా తేల్చుకోకుండా ప్రవేశాలు ఇస్తే, పిల్లలు నాలుగేళ్ల తర్వాత మీ గుమ్మం ముందు కూర్చుంటారు.

వచ్చేవాళ్లు, వెళ్లేవాళ్లు

అతిథులను నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య పిలవండి. అక్టోబరు, నవంబరు మొదట్లో ఈశాన్య రుతుపవనాల వానకు గుంత అడుగున నీళ్లు. ఏప్రిల్ దాటితే 40 డిగ్రీల ఎండలో నల్లరాయి క్వారీలో ఎవరూ నిలబడలేరు. నమూనాలు తీయడానికి టూరిస్టు వీసా పనికిరాదు, పరిశోధన వీసా అడగమనండి. గెస్ట్ హౌస్‌లో దిగిన 24 గంటల్లో వివరాలు విదేశీయుల నమోదు చూసే ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ పోర్టల్‌లో ఎక్కించాలి, ఈ పని ఒక గుమస్తాకు పేరు పెట్టి అప్పగించండి. ఫీల్డు జియాలజిస్టులకు శాటిలైట్ ఫోను, శాటిలైట్ మెసెంజరు జేబులో పెట్టుకునే అలవాటు. అనుమతి లేకుండా అవి మన దేశంలో చట్టవిరుద్ధం, విమానాశ్రయంలోనే పట్టుకుంటారు. ఆహ్వాన లేఖలోనే ఈ ముక్క రాయండి. బూటు సైజు కూడా అడగండి, 12వ నంబరు సేఫ్టీ బూట్లు అప్పటికప్పుడు ఇక్కడి అంగళ్లలో దొరకడం కష్టం.

మన విద్యార్థులు వెళ్లేటప్పుడు క్రెడిట్ల లెక్క ముందే కాగితం మీద ఉండాలి. మనకు సెమిస్టరుకు సుమారు 20 క్రెడిట్లు, యూరప్‌లో 30 ఈసీటీఎస్ (అక్కడి క్రెడిట్ల కొలత), క్వీన్స్‌లాండ్‌లో 8 యూనిట్లు. ఏ సబ్జెక్టుకు బదులు ఏది అన్న పట్టిక మీద బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఆమోదం విద్యార్థి విమానం ఎక్కకముందే తీసుకోండి. వచ్చాక అడిగితే బ్యాక్‌లాగ్ అంటారు. క్యాలెండర్లు కలవవు: ఆస్ట్రేలియా సెమిస్టర్లు ఫిబ్రవరి, జులైలో, జర్మనీవి అక్టోబరు, ఏప్రిల్‌లో మొదలవుతాయి. జులై ఆస్ట్రేలియా సెమిస్టరు మన బేసి సెమిస్టరుకు దాదాపు సరిపోతుంది. పూర్తి డిగ్రీకి జర్మనీ వెళ్లేవాళ్లకు 2022 నవంబరు నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ (చదువు కాగితాలు సరైనవేనన్న ధ్రువీకరణ) తప్పనిసరి, దానికి నెలలు పట్టవచ్చు.

డబ్బు

విదేశీ అధ్యాపకుణ్ని ఒకటి, రెండు వారాల కోర్సుకు రప్పించడానికి జ్ఞాన్ పథకం, ఉమ్మడి పరిశోధనకు స్పార్క్, ఆస్ట్రేలియాతో అయితే 2006 నుంచి ఉన్న ఆస్ట్రేలియా ఇండియా స్ట్రాటజిక్ రీసెర్చ్ ఫండ్ చూడండి. గనుల మంత్రిత్వ శాఖ పరిశోధన నిధుల దరఖాస్తులు సత్యభామ పోర్టల్‌లో పెట్టాలి. ఏ పిలుపు ఎప్పుడు వస్తుందో చెప్పలేం కాబట్టి రెండు పేజీల ప్రతిపాదన, ఇద్దరి బయోడేటాలు, గని అనుమతి లేఖ ఎప్పుడూ సిద్ధంగా పెట్టుకోండి. పిలుపు వచ్చాక గని లేఖ కోసం పరిగెత్తితే గడువు దాటిపోతుంది.

అవతలి విశ్వవిద్యాలయం గ్రాంటు నేరుగా పంపుతానంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) గుర్తుకు రావాలి. ట్రస్టు, సొసైటీ నడిపే కాలేజీకి రిజిస్ట్రేషన్, ఢిల్లీ స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా రెండూ లేకుండా ఆ డబ్బు ముట్టకూడదు. చట్టం ద్వారా ఏర్పడి, కాగ్ ఆడిట్ తప్పనిసరి అయిన సంస్థలకు మినహాయింపు ఉంది, మీ విశ్వవిద్యాలయ చట్టంలో ఆడిట్ సెక్షన్ ఏమంటోందో చదవండి. పరీక్ష చేసిపెట్టినందుకు బిల్లు వేసి తీసుకునే ఫీజు వేరు, గ్రాంటు వేరు. ఒప్పందంలో ఏది ఏదో స్పష్టంగా రాయకపోతే ఆ డబ్బు గ్రాంటు కిందికి వస్తుందేమోనని బ్యాంకు వాళ్లు కాగితాలు అడుగుతారు, సొమ్ము అక్కడే ఆగుతుంది.

గడువు తీరడానికి ఆరు నెలల ముందు ఇద్దరూ కూర్చుని మూడు లెక్కలు చూసుకోండి: కలిసి రాసిన పేపర్లు, అటూ ఇటూ వెళ్లిన విద్యార్థులు, గని వాళ్లు వాడుకున్న ఫలితం. మూడూ సున్నా అయితే పునరుద్ధరణ సంతకం అడగకుండా ఆ ఎంఓయూను అలాగే ముగిసిపోనివ్వండి, ఆ ప్రశ్నను ఇంకో ల్యాబుకు రాయండి.